బూస్టర్ మీంచి చెయ్యి తీసిన రోజు

జహీరాబాద్‌లో మైక్ సెట్టు మీద ముప్పై ఏళ్లు బతికాను. పెళ్లయినా, దర్గా ఉర్సయినా, ఎన్నికల మీటింగయినా ముందు మేం వెళ్లి స్పీకరు గొట్టాలు కట్టాకే మొదలయ్యేది. ఇప్పుడు రిటైరయ్యాను. ఆ మాటంటే మా కోడలు నవ్వుతుంది. పెన్షన్ వచ్చేవాళ్లే ఆ మాట అనాలట.

ఈ మధ్య మా గల్లీలో డీజే బాక్సులు దించుతున్న కుర్రవాళ్లు నన్ను అడిగారు, "తాతా, మీ జమానాల ఎన్ని వాట్లు పెడుతుంటిరి?" అని. వాట్ల సంగతి తర్వాత, ముందు వోల్టులు రావాలి కదా అన్నాను. వాళ్లకు అర్థం కాలేదు. వాళ్ల వెంట జనరేటర్ వస్తుంది. మా వెంట బూస్టర్ వచ్చేది. దాని గురించి నిలబడి చెబితే అయ్యే కథ కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఈ పని చేస్తున్న పిల్లలెవరైనా చదివితే చాలు.

బూస్టర్ అంటే ఒక రేకు డబ్బా. లోపల రాగి చుట్టలు, పైన ముల్లు ఉన్న మీటరు, మెట్లు మెట్లుగా తిరిగే ఒక నాబ్. పొలాల్లో మోటార్లు నడుస్తుంటే కరెంటు నీరసించి వచ్చేది. అప్పుడు నాబ్‌ను పైమెట్టుకు తిప్పితే మన సెట్టుకు కావలసినంత అందేది. మోటార్లు ఆగిపోతే కరెంటు ఒక్కసారిగా పొంగేది. అప్పుడు వెంటనే కిందికి తిప్పాలి. తిప్పకపోతే సెట్టులో ఉన్నదంతా కాలిపోతుంది. అందుకే మైకు మనిషి ఫంక్షన్ అయ్యేదాకా ఆ డబ్బా పక్కనే, దానిమీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. మా ఉస్తాద్, అంటే దుకాణం యజమాని, నాకు పని నేర్పిన మనిషి, మొదటిరోజే చెప్పాడు: "పెండ్లిపిల్లను సూడకు, దావత్ సూడకు. ముల్లును సూడు."

నేను ముల్లును చూడని రోజు ఒక్కటే ఒక్కటి.

ఎనభయ్యో సంవత్సరం, లేదా దానికి ఒక ఏడు అటో ఇటో. ఎండాకాలం, పెళ్లిళ్ల సీజను. బొంబాయి నుంచి హైదరాబాదు పోతున్న ఒక వ్యాను మా ఊరి బయట హైవే గుంటలో పడి, ముందు చక్రాల కమాన్ పట్టీలు, అంటే స్ప్రింగు రేకులు, విరిగిపోయాయి. అందులో నలుగురు ఇంగ్లండు మనుషులు, వాళ్ల వాయిద్యాలు. వ్యాను ఆగింది ఒక పటేలు తోట గట్టు దగ్గర. ఆయనకు అల్లం, చెరుకు సేద్యం. ఆ వారమే ఆయన బిడ్డ పెళ్లి. పెళ్లింటి ముందు ఆగిన మనుషులను ఆకలితో ఉండనిస్తారా? పటేలు వాళ్లను ఇంట్లోకి తీసుకుపోయి, మంచాలు వేయించి, చుట్టాలతో పాటే కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. పట్టీలు తయారై వచ్చేసరికి రెండు రోజులు పడుతుందని డ్రైవరు తేల్చాడు.

ఆ పెళ్లికి మైకు మాదే.

వాళ్లతో మాట్లాడటానికి పటేలు మా హైస్కూలు ఇంగ్లీషు సారును పిలిపించాడు. సారు వాళ్లది బీదర్ వైపు, ఇంట్లో కన్నడం, బడిలో ఇంగ్లీషు, మాతో మా మాట. పుస్తకాల్లో తప్ప ఇంగ్లీషువాణ్ణి చూడని మనిషి. ఒక పూటంతా వాళ్లతో గడిపి, సాయంత్రం మా దుకాణం బల్లమీద కూర్చుని వాళ్ల చరిత్రంతా చెప్పాడు.

"ఒకప్పుడు వీళ్లు పాడితె మైదానాలు నిండేటియంట. ఆడపిల్లలు ఏడ్సుకుంట కారు ఎనుక ఉరికేటోళ్లంట. గిప్పుడు హోటళ్లల్ల, ఓడలల్ల పాడుతున్నరు. హైదరాబాద్‌ల గూడ ఒక హోటల్లనే."

"గట్లెందుకైంది సార్?"

"పాడే పిలగాడు పోయిండు. ఆ తెల్లగడ్డమాయన ఉన్నడు సూడు, ఆయన సొంత తమ్ముడు. రోగమొచ్చి, ముప్పై ఏండ్లు గూడ నిండలే."

తెల్లగడ్డం ఆయన వాయించేది ఆర్గాన్, మన హార్మోనియానికి పెద్దన్న లాంటిది. తమ్ముడు పోయాక కూడా ఆయన బ్యాండును వదలలేదు. కొత్త గాయకుణ్ణి పెట్టుకున్నారు. అతనిదీ మంచి గొంతేనట. కానీ ఎక్కడికి పోయినా జనం పాతవాణ్ణే అడిగారు. మెల్లమెల్లగా అడగడం కూడా మానేశారు. మైదానాలు హాళ్లయ్యాయి, హాళ్లు హోటళ్లయ్యాయి. హోటల్లో జనం తింటుంటే వీళ్లు వాయిస్తారు. ప్లేట్ల చప్పుడు తగ్గితే అదే చప్పట్లు అనుకుంటామని ఆ పెద్దాయన సారుతో అన్నాడట. 

వాళ్ల దగ్గర ఒక టేపు మిషను ఉంది. సూట్‌కేసంత ఉంటుంది. పైన రెండు పెద్ద చక్రాలు. దానిమీద ఒకే ఒక పాట. తమ్ముడు చనిపోవడానికి కొద్దిరోజుల ముందు ఇంటి వంటగదిలో కూర్చుని పాడుకుంటే అన్న రికార్డు చేశాడు. వెనకాల నీళ్లు కాగుతున్న శబ్దం కూడా వినిపిస్తుందట. వాళ్లు ఎక్కడ పాడినా చివరి పాట అదే. అన్న మీట నొక్కుతాడు, తమ్ముడి గొంతు వస్తుంది, మిగతావాళ్లు దానికి వాయిస్తారు. కొత్త గాయకుడు మైకు పక్కన పెట్టి, పాటయ్యేదాకా తల వంచుకుని నిలబడతాడు. ఏళ్ల తరబడి ప్రతి ప్రోగ్రాంలోనూ అలా నిలబడటం ఎలా ఉంటుందోనని నేనప్పుడు అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటాను.

రికార్డుల కంపెనీ ఆ పాట కోసం వెంటపడిందట. అన్న ఇవ్వలేదు. నకలు కూడా తీయించలేదు. నకలంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అది బజారుకు పోతుందని ఆయన భయం.

"మన ఇండ్లల్ల పోయినోళ్ల ఫోటో గోడకుంటది," అన్నాడు సారు. "ఆయనకు గదే ఫోటో."

మర్నాడు పొద్దున్నే సారు, తెల్లగడ్డం ఆయన, ఆ మిషనుతో సహా మా దుకాణానికి వచ్చారు. వ్యాను గుంటలో పడ్డప్పుడు మిషను కిందపడింది, ఇప్పుడు తిరగడం లేదు. ఉస్తాద్ స్పీకరు సామాను కోసం బీదర్ పోయాడు. దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇక్కడ నా బుద్ధి సంగతి చెప్పాలి. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర పటేలుకు కృతజ్ఞతగా పెళ్లిలో పాడతామని వాళ్లు మాటిచ్చారు. లగ్నం మధ్యాహ్నానికి అయిపోతుంది, అప్పగింతలకు ముందు పాట. ఆ మాట విన్నప్పటినుంచి నా కాళ్లు నేలమీద లేవు. నా మైకులో ఇంగ్లండు బ్యాండు! బీదర్‌లో, సదాశివపేటలో ఎంతమంది మైకువాళ్లున్నా ఎవడికి దక్కింది ఆ యోగం? మిషను లేకపోతే ఆఖరి పాట ఉండదు, ఆఖరి పాట లేకుండా మేం పాడం అని పెద్దాయన అంటున్నాడని సారు చెప్పాడు. అంటే ఇప్పుడు ఆ బ్యాండు పాడటం, పాడకపోవడం నా చేతిలో ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల వయసు. ఇంకేం కావాలి?

మిషను విప్పాను. లోపల రబ్బరు బెల్టు తెగింది. సైకిల్ ట్యూబు సన్నగా కోసి బెల్టు చేసి వేశాను. స్విచ్చి వేస్తే చిన్న మెరుపు మెరిసి గాజు ఫ్యూజు పోయింది. అలాంటి ఫ్యూజు మా ఊళ్లో దొరకదు. హైదరాబాదులో దొరుకుతుంది, కానీ పెళ్లి ఆ మధ్యాహ్నమే.

ఫ్యూజు దొరక్కపోతే మా వృత్తిలో ఏం చేసేవాళ్లమో చెబుతాను, మీరు చేయకండి. కరెంటు వైరులోంచి ఒక రాగి పోగు తీసి, మాడిన ఫ్యూజు చుట్టూ చుట్టి, మళ్లీ అక్కడే పెట్టేవాళ్లం. సెట్టు పాడుతుంది. కాకపోతే ఫ్యూజు చేయవలసిన పని, అంటే తాను తెగిపోయి సెట్టును కాపాడటం, ఆ పోగు చేయదు. మా సొంత సెట్లన్నీ అలాగే నడిచేవి. దీనికి ఉస్తాద్ ఒక హద్దు పెట్టాడు. "మన సెట్టుకు మనం సుట్టుకుంటం, కాలితె మన తక్దీర్, మన రాత. పరాయోని సెట్టుకు మాత్రం సుట్టొద్దు బేటా."

చుట్టాను. ఉస్తాద్ ఊళ్లో లేడు కదా.

ఆ తర్వాత మా దుకాణం అలవాటు ఒకటి ఉంది. బాగుచేసిన టేపును నడిపి, దానికెదురుగా మా చిన్న క్యాసెట్ రికార్డర్ పెట్టి ఆ శబ్దాన్ని పట్టేవాళ్లం. పట్టినదాన్ని మళ్లీ వినేవాళ్లం. ఎదురుగా విన్నప్పుడు చెవి మొహమాటపడుతుంది, క్యాసెట్‌లో విన్నప్పుడే వంకరలు తెలుస్తాయి అనేవాడు ఉస్తాద్. ఆ రోజు కూడా నా చేయి అలవాటుగా రికార్డర్ మీట నొక్కింది. కానీ మళ్లీ వినలేదు. పందిట్లో గొట్టాలు కట్టాలి, తొందర.

చక్రాలు తిరిగాయి. పాట వచ్చింది. పెద్దాయన దుకాణంలో నిలబడలేక రోడ్డు మీదికి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. పాట అయ్యాక లోపలికి వచ్చి సారును ఏదో అడిగాడు.

"అసలు ఫ్యూజు దొరికిందా, ఇంకేమన్న పెట్టినవా అని అడుగుతున్నడు," అన్నాడు సారు.

పరాయి సెట్టు అని గుర్తుంది. ఉస్తాద్ మాట గుర్తుంది. ఉన్న సంగతి చెబితే ఆయన మిషను పెట్టెలో పెట్టి, హైదరాబాదు పోయాక చూసుకుందాం అంటాడనీ తెలుసు.

"ఒరిజినలే ఏసిన సార్. గ్యారంటీ అని చెప్పున్రి," అన్నాను.

సారు చెప్పేలోపే పెద్దాయన నవ్వి నా భుజం తట్టాడు.

మధ్యాహ్నం నాలుగింటికి పందిరి నిండింది. కోహీర్ నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు తిని, కునుకు తీసి లేచారు. మా పందిరికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మీదే పటేలు తోటలో ఐదు మోటార్లు నడుస్తున్నాయి. పెళ్లయినా చెరుకుకు నీళ్లు ఆపరు. కరెంటు నీరసంగా ఉంది. వాళ్ల సామాను, టేపు మిషను కూడా నా బూస్టర్‌కే తగిలించి, నాబ్ ఆఖరి మెట్టు మీద పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని, చెయ్యి దానిమీద వేసి కూర్చున్నాను.

మొదటి రెండు పాటలు కొత్త గాయకుడు పాడాడు. డ్రమ్ముల మోతకు పందిరి వాసాలు కదిలాయి. పిల్లలు గంతులు. పెద్దలు చెవులు మూసుకున్నారు. పటేలు తల్లి, బాగా ముసలామె, ముందు వరసలో కూర్చుని జాలిపడింది.

"పాపం గొంతులు పోతున్నయ్ గదరా, జర సల్ల తెచ్చియ్యున్రి వాళ్లకు."

నవ్వులు. సారు ఆ మాట ఇంగ్లీషులో చెబితే వాళ్లూ నవ్వారు. నిజంగానే చెంబులతో మజ్జిగ వచ్చింది, పాట ఆపి తాగారు. ఆ నలుగురూ అంత హాయిగా నవ్వడం ఆ రెండు రోజుల్లో నేను చూడలేదు. ఇక్కడ ప్లేట్ల చప్పుడు లేదు. అందరూ వాళ్లనే చూస్తున్నారు.

అప్పుడు పెద్దాయన మిషను మీట నొక్కాడు.

ఆ పాటలో ఒక్క మాట నాకు అర్థం కాలేదు, ఈనాటికీ తెలియదు. డ్రమ్ములు లేవు, అరుపులు లేవు. పక్కగదిలో నిద్రపోతున్నవాళ్లు లేవకుండా పాడుకుంటున్న గొంతు అది. ఆర్గాన్ దాని వెనకే మెల్లగా నడిచింది. కొత్త గాయకుడు తల వంచుకున్నాడు.

ముసలామె అటూ ఇటూ చూసింది. "ఎవలు పాడుతున్నరే? ఎవలి నోరు మెదుల్తలేదు."

సారు వంగి ఆమె చెవిలో చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొడుకును పిలిచి అన్న మాట నాకు వినపడింది.

"అరేయ్, బాయికాడున్నోళ్లను గూడ రమ్మను. మోటార్లు బంద్ పెట్టి రమ్మను. సచ్చిపోయినోడు అన్న కోసం పాడుతుండు, ఇనిపోనీ వాళ్లను."

ఆ మాట నేను విన్నాను. ఏళ్ల తరబడి ముల్లునే చూస్తూ కూర్చున్నవాణ్ణి, ఆ మాటకు అర్థం నాకంటే ఎవరికి తెలియాలి? కానీ అప్పటికి నేను కుర్చీలో లేను. ఎప్పుడు లేచానో తెలియదు, గుంజ పట్టుకుని ముందుకు వచ్చి నిలబడి ఉన్నాను. ఇంకా దగ్గరగా వినాలనిపించింది, అంతే. పటేలు గట్టెక్కి తువ్వాలు ఊపాడు. ఒక మోటారు ఆగింది. కొంచెం సేపటికి ఇంకొకటి. మనుషులు కాళ్లకు బురదతోనే పందిరి అంచుకు వచ్చి నిలబడుతున్నారు. చుట్టూ నిశ్శబ్దం పెరుగుతోంది. పాట కోసం ఊరంతా ఊపిరి బిగబట్టిందని నేను మురిసిపోయాను. అది మోటార్లు ఆగిన నిశ్శబ్దం.

పందిరికి కట్టిన బల్బులు పట్టపగలు తెల్లగా మండటం చూశాక ఉరికాను. నేను నాబ్ పట్టుకునేసరికి ముల్లు మీటరు చివర కొట్టుకుంటోంది. తిప్పాను. అప్పటికే గొంతు ఒక మాట మధ్యలో ఆగిపోయింది. మిషనులోంచి గోధుమరంగు పొగ. పెద్దాయన ఆర్గాన్ వదిలి, వట్టి చేతులతో చక్రాన్ని పెరకబోయాడు. అరచెయ్యి కాలింది. టేపు కరిగి చక్రానికి ముద్దలా అంటుకుపోయింది.

వాళ్ల మిగతా సామానులో అసలైన ఫ్యూజులు ఉన్నాయి. అవి తెగిపోయి సామానును కాపాడాయి. వాళ్లవాటిలో కాలింది ఒక్కటే. నేను బాగుచేసింది.

  కొత్త గాయకుడు వచ్చి పెద్దాయన పక్కన నేలమీద కూర్చున్నాడు. ముసలామె మజ్జిగ చెంబు తెప్పించి, ఆయన కాలిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని, చల్లగా పోస్తూ ఉంది. భాష తెలియని ఆ మనిషితో తన భాషలో ఏదో చెబుతూనే ఉంది. బాయి దగ్గరి నుంచి వచ్చినవాళ్లు ఏం జరిగిందో తెలియక, పాట అయిపోయిందా అని ఒకరినొకరు అడుగుతున్నారు.

ఉస్తాద్ అప్పుడే బీదర్ బస్సు దిగి పందిట్లోకి వచ్చాడు. ఎవరితో మాట్లాడకుండా మిషను వెనకరేకు విప్పి చూశాడు. రాగి పోగు మెరిసింది. నావైపు చూడలేదు. ఒక్కొక్క స్క్రూ తిరిగి బిగించాడు.

"ఏమైందని అడుగుతున్నరు," అన్నాడు సారు.

"పాత మిషన్ సాబ్," అన్నాడు ఉస్తాద్. "కరెంటు పొంగింది."

రెండూ నిజాలే. పెద్దాయన తలూపి, కాలని చెయ్యి ముందు ఉస్తాద్‌కు, తర్వాత నాకు ఇచ్చాడు. నేను పట్టుకున్నాను. ఆ చెయ్యి పట్టుకుని ఉన్నంతసేపూ చెప్పడానికి వీలుంది. సారు పక్కనే ఉన్నాడు. చెప్పలేదు.

మర్నాడు పట్టీలు వచ్చాయి, వాళ్లు వెళ్లిపోయారు. దుకాణంలో ఉస్తాద్ ఒక్కమాట అన్నాడు. "నిన్ను కాపాడిన్నని అనుకోకు. నా దుకాణం ఇజ్జత్ కాపాడుకున్న. నీది నువ్వు సూసుకో." ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ సంగతి ఎత్తలేదు. నేను ఆయన దగ్గరే ఉండిపోయాను. ఎన్నో పెళ్లిళ్లు చేశాం. పరాయి సెట్టుకు మళ్లీ పోగు చుట్టలేదు. 

ఎనిమిదేళ్ల తర్వాత ఉస్తాద్ పోయాడు. ఆయన ఇంటివాళ్లు దుకాణం నాకు అప్పజెప్పారు. అప్పటికి ఇంటింటికీ టేప్ రికార్డర్ వచ్చింది, మా గిరాకీ పల్చబడింది. ఒకరోజు మధ్యాహ్నం పనిలేక, డబ్బాలో పడి ఉన్న పాత క్యాసెట్లు మంచివేవో చెడ్డవేవో తీస్తూ ఒక్కొక్కటి పెట్టి వింటున్నాను. ఒకదానిలో పెళ్లిపాటలు. కోహీర్‌లో ఏదో పెళ్లిలో ఆడవాళ్లు పాడుతుంటే నేనే పట్టినవి. ఖాళీ క్యాసెట్ దొరక్క దుకాణంలో ఏది చేతికందితే అది తీసుకుపోయిన రోజులు. మంగళహారతి అయిపోయింది. టక్కుమని శబ్దం. ఆపబోతున్నాను.

ఆ గొంతు వచ్చింది.

పదిహేను ఇరవై సెకండ్లు ఉంటుందేమో. పాట చివర. నీళ్లు కాగుతున్న శబ్దం. బయట మా బజారులో లారీ హారన్. పాట ఆగి, ఒక ఊపిరి. తర్వాత పెద్దాయన ఇంగ్లీషులో ఏదో అడగడం, సారు గొంతు: "అసలు ఫ్యూజు దొరికిందా..." ఆ వెనకే నా గొంతు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, హుషారుగా, ఎంతో నమ్మకంగా: "ఒరిజినలే ఏసిన సార్. గ్యారంటీ."

ప్రపంచంలో ఆ పాటకు ఒక్కటే నకలు ఉండింది. అది నా దగ్గర ఉండింది. దానిమీద పెళ్లిపాటలు ఎక్కించి, తోకముక్క మిగిల్చాను. ఆ రోజు ఒక్కసారి వెనక్కి తిప్పి విని ఉంటే, మా ఉస్తాద్ నేర్పిన పని చేసి ఉంటే, ఆ సాయంత్రమే పెద్దాయన చేతిలో మొత్తం పాట పెట్టేవాణ్ణి. దుకాణం తలుపు దగ్గరికి వేసి ఏడ్చాను.

క్యాసెట్ తీసుకుని సారు ఇంటికి పోయాను. ఆయన దగ్గర వాళ్ల చిరునామా ఉంది. విన్నాడు. రెండోసారి విని, కత్తెర తెచ్చి బల్లమీద పెట్టాడు.

"నీ మాట కాడికి కోసేద్దామా? పాట ముక్క పంపితె సాలు గద," అన్నాడు.

కత్తెర చేతిలోకి తీసుకున్నాను. నా మాటల్లో ఆ పెద్దాయనకు అర్థమయ్యేవి రెండే రెండు, ఒరిజినల్, గ్యారంటీ. ఆ రెండూ ఆయన భాషవే. చాలాసేపు పట్టుకుని కూర్చుని, కత్తెర కింద పెట్టేశాను. అలాగే పంపమన్నాను. కానీ ఉత్తరంలో మాత్రం, దుకాణం సర్దుతుంటే ఇది దొరికింది, మీకు పనికొస్తుందని పంపుతున్నాం అని రెండు ముక్కలే రాయించాను. 

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. రాసింది కొత్త గాయకుడు. సారు మా దుకాణంలో కూర్చుని చదివి, నాకు మన మాటల్లో చెప్పాడు.

ఆ టూరు తర్వాత బ్యాండు రెండేళ్లు నడిచిందట. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో ఆఖరిసారి పాడి, ఎవరిదారిన వాళ్లు పోయారు. పెద్దాయన కిందటి చలికాలంలో చనిపోయాడు. క్యాసెట్ అందాక మిగిలిన ముగ్గురూ ఒకచోట చేరి విన్నారు. ఆ పాట ఉన్నంతకాలం దానిమీద తనకు కోపంగా ఉండేదనీ, ఇప్పుడు ఆ ఇరవై సెకండ్ల కోసం మూడు ఊళ్ల నుంచి ముగ్గురం బయల్దేరామనీ రాశాడు.

సారు కాగితం తిప్పి, రెండోవైపు తనలో తానే చదువుకున్నాడు.

"ఇంకేం రాసిండు సార్?"

"ఇంటికి పోయినంక పెద్దాయన మిషను ఇప్పిండంట. రాగి తీగ సూసిండంట."

నేను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"వీళ్లందరు కోపానికొచ్చిన్రంట. ఆయన ఏమన్నడంటె..." సారు ఇంగ్లీషులో ఒకసారి చదువుకుని చెప్పాడు. "ఆ మనిషి మనం పాడాలని కోరుకున్నడు. మనం పాడాలని అంతగనం కోరుకున్న మనిషి కనపడి ఎన్నేండ్లయింది మనకు? అన్నడంట."

బజారులో ఎవరో వచ్చి రేడియో తయారైందా అని అడిగారు. రేపు రమ్మన్నాను.

"సార్, వాళ్లకు ఒక ఉత్తరం రాయాలె," అన్నాను. "తీగ సుట్టింది నేనే అని. ఒరిజినల్ అని అబద్ధమాడిన అని. బూస్టర్ ఇడిసిపెట్టి పాట ఇననీకి పోయిన అని."

"వాళ్లకెరుకనే గదనయ్యా. మల్ల రాసుడెందుకు?"

"వాళ్లకెరుకనే సార్. నేను చెప్పలే."

సారు నన్నొకసారి చూసి, జేబులోంచి కలం తీసి, మొదట్నుంచి చెప్పమన్నాడు.